బ్రేక్‌ఫాస్ట్ సీరియల్‌లో పురుగులు, రాగి పిండిలోనూ పురుగులు: కోనసీమ నుంచి ఒక కేస్ స్టడీ

పాపకి 9 ఏళ్లు. రాజోలు వైపు పల్లెటూరు. తండ్రి రొయ్యల చెరువులు చేస్తారు, తల్లి ప్రైవేటు స్కూల్లో టీచరు, ఇంట్లో నాయనమ్మ కూడా ఉంటారు. దసరా సెలవులు అయ్యాక పాప పొద్దున్నపూట ఏమీ ముట్టడం లేదని తల్లి అమలాపురంలో నా దగ్గరికి తీసుకొచ్చారు. నేను డైటీషియన్‌ని. "మా పిల్ల తినడం లేదండి" అనే మాట మాకు రోజూ వినిపించేదే. ఈవిడ మాత్రం ఆ మాట అనకముందే హ్యాండ్‌బ్యాగులోంచి ఒక జిప్ కవరు తీసి టేబుల్ మీద పెట్టారు. అందులో గుప్పెడు చాక్లెట్ సీరియల్, అడుగున ఎర్రటి పెంకు పురుగులు. కొన్ని ఇంకా పాకుతున్నాయి.

కుటుంబం ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నాను. పోల్చుకునే వివరాలు మార్చాను. సీరియల్ ఏ కంపెనీదన్నది ఈ కేసులో అనవసరం, ఎందుకన్నది చదువుతుంటే తెలుస్తుంది.

పురుగు కనబడగానే మనవాళ్లు చేసే పని ఒకటే: ఆ డబ్బా పారేసి, ఇంకేదో ఆరోగ్యానికి మంచిదని కొనడం. ఈ ఇంట్లోనూ అలాగే కొన్నారు. దానికీ పురుగు పట్టింది. నిజానికి పాతదానికన్నా త్వరగా పట్టింది. గోదావరి డెల్టా తేమలో మంచి తిండి ఎంచుకోవడం, దాన్ని పురుగు పట్టకుండా దాచుకోవడం రెండు వేరువేరు పనులు కావు. డైట్ చార్టు రాసిచ్చేవాళ్లం రెండోదాన్ని సాధారణంగా పట్టించుకోం. అందుకే ఈ కేసు కాస్త వివరంగా రాస్తున్నాను.

జరిగింది

ఒకటి కొంటే ఒకటి ఉచితం ఆఫర్లో రెండు ప్యాకెట్లు కొన్నారు. మొదటిది సెప్టెంబరు మొదట్లో తెరిచారు. లోపలి ప్లాస్టిక్ కవరుకి రబ్బరు బ్యాండు వేసి, అట్టపెట్టెలో పెట్టి, వంటింటి అరలో పెట్టేశారు. పక్కనే సగం వాడిన బొంబాయి రవ్వ ప్యాకెట్టు, కింద అరలో 26 కిలోల బియ్యం బస్తా. (25 కిలోల దాకా జీఎస్టీ పడ్డాక మన షాపుల్లో బస్తా 26 కిలోలైంది, అది వేరే కథ.) సెలవులకి పిల్లలు తణుకులో అమ్మమ్మగారింటికి వెళ్లారు. తిరిగొచ్చాక స్కూలు తెరిచిన రోజు పొద్దున్న, బస్సు టైమైపోతోందని గిన్నెలో సీరియల్ పోసి చల్లటి పాలు పోశారు.

"సగం తినేసిందండి మేడమ్. సీరియల్ కూడా ఆ రంగే కదా, పాలల్లో పైకి తేలేదాకా ఎవరం చూసుకోలేదు," అన్నారు తల్లి.

పాప అక్కడే వాంతి చేసుకుంది. జ్వరం, విరేచనాలు ఏమీ లేవు, మధ్యాహ్నానికి మామూలుగానే ఉంది. అసలు ఇబ్బంది మర్నాటి నుంచి మొదలైంది. సీరియల్ ఎలాగూ వద్దంది, పాలూ వద్దంది. ఉప్మా పెడితే తాలింపులో ఆవాలు చూసి ప్లేటు తోసేసింది. జీలకర్ర అయితే మరీ అనుమానం, అచ్చం పురుగులాగే ఉందని. పొద్దున్న ఖాళీ కడుపుతో వెళ్లి, ఇంటర్వెల్లో చిప్స్ ప్యాకెట్టు తిని, మధ్యాహ్నం క్యారేజీ సగం వదిలేసి వస్తోంది.

ఇంట్లో ఒక్కొక్కరిదీ ఒక్కో మాట. తండ్రి వీడియో తీసి బంధువుల వాట్సాప్ గ్రూపులో పెట్టేశారు, కంపెనీ మీద కేసు వేస్తానంటున్నారు. నాయనమ్మగారేమో "ఆ డబ్బా తిండి వద్దని మొదట్నించీ మొత్తుకుంటూనే ఉన్నానండి. వీళ్ల నాన్న చద్దన్నం తిని పెరగలేదేటి?" అన్నారు. తల్లి టెన్షన్ వేరు: కడుపులోకి వెళ్లిన పురుగులు అక్కడ పెరుగుతాయేమో, పాపకి నులిపురుగుల మందు వెయ్యాలేమో.

పురుగు ఏది, ఎక్కణ్నుంచి వచ్చింది

కవర్లోవి తెల్ల కాగితం మీద దులిపి భూతద్దంతో చూశాను. పాప తనూ చూస్తానంది, చూడనిచ్చాను. పొడవు 3 నుంచి 4 మిల్లీమీటర్లు, ఇటుక రంగు, బల్లపరుపు ఒళ్లు. బియ్యంలో తిరిగే ముక్కు పురుగుకి ఉండే పొడవాటి ముక్కు లేదు. కవరు తెరవగానే ముక్కుపుటాలకి పట్టే ఘాటు వాసన. ఇది ఎర్ర పిండి పురుగు, శాస్త్రీయ నామం ట్రైబోలియం కాస్టేనియం. ఆ వాసన అది వదిలే క్వినోన్లు అనే రసాయనాలది. పురుగు బాగా ముదిరిన పిండి గులాబీ రంగుకి తిరిగి కంపు కొట్టేది కూడా వాటివల్లే.

ఏ పురుగో తెలిస్తే సగం దర్యాప్తు అయినట్టే. ముక్కు పురుగు గింజకి రంధ్రం చేసి లోపల గుడ్డు పెడుతుంది, అందుకే పైకి శుభ్రంగా కనబడే బియ్యంలోంచి కొన్నాళ్లకి పురుగులు బయటికొస్తాయి. పిండి పురుగుకి గట్టి గింజ లొంగదు. దానికి పిండి, రవ్వ, నూక, అటుకులు, ఫ్లేక్స్ కావాలి. రెండో సంగతి, ప్యాకెట్లోకి దూరే తీరు. బియ్యానికి, రవ్వకి గూళ్లు కట్టే చిలక పురుగుల గొంగళ్లు, సిగరెట్ పెంకు పురుగు లాంటివి ప్లాస్టిక్ కవర్ని కొరికి తూటు పెట్టుకోగలవు. పిండి పురుగు ఎక్కువగా ఉన్న సందులోంచే దూరుతుంది: అతుకు ఊడిన మూల, రబ్బరు బ్యాండు కింద ముడత, సరిగ్గా పట్టని మూత.

తర్వాతిసారి వచ్చేటప్పుడు తెరవని రెండో ప్యాకెట్టు, ఆ అరలో ఉన్న రవ్వ, శనగపిండి, అటుకులు అన్నీ తెమ్మన్నాను. రెండో ప్యాకెట్టుని ముందు దీపానికి అడ్డంపెట్టి చూశాం. ఎక్కడా తూటు లేదు, అతుకులు గట్టిగా ఉన్నాయి. కత్తిరించి తెల్ల ట్రేలో పోసి జల్లించాం. పురుగు కాదు కదా, వాటి పొట్టు కూడా లేదు. రవ్వ ప్యాకెట్టు విప్పితే కథ తేలిపోయింది: పెద్ద పురుగులు, సన్నటి పసుపుపచ్చ లార్వాలు, అవి విడిచిన చర్మాలు, అన్నీ ఉన్నాయి. ఆ ప్యాకెట్టు జులైలో కొన్నది. మధ్యలో ఒకసారి జల్లించి వాడుకున్నామని తల్లి ఒప్పుకున్నారు.

లెక్క కూడా సరిపోయింది. ఈ పురుగుకి 30 డిగ్రీల పైన వేడి, గాలిలో 70 శాతం తేమ ఉంటే పండగే. గుడ్డు పెద్ద పురుగయ్యేందుకు సుమారు నెల చాలు. సెప్టెంబరులో కోనసీమ వంటిల్లు ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. రబ్బరు బ్యాండు వేసిన కవరు, పక్కనే పురుగు పట్టిన రవ్వ, నెల పైచిలుకు గడువు. సీరియల్ ఫ్యాక్టరీలో పురుగు పట్టి వచ్చిందని చెప్పడానికి నాకు ఆధారమేమీ కనబడలేదు. పురుగు ఇంటి అరలోదే అని తండ్రికి చెప్పాను. ఆయన మొహం చిన్నబుచ్చుకున్నారు గానీ, వీడియో మాత్రం తీసేశారు.

ఒకవేళ సీలు విప్పని ప్యాకెట్టులోనే పురుగులు కనబడి ఉంటే నా సలహా వేరేగా ఉండేది. అప్పుడు ప్యాకెట్టు అస్సలు తెరవకూడదు. బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇచ్చే 14 అంకెల లైసెన్సు నంబరు కనబడేలా ఫొటోలు తీసి, బిల్లు దగ్గర పెట్టుకోవాలి. తూటు ఉంటే చెక్కిన గీతలు బయటివైపున్నాయా లోపలివైపున్నాయా చూడాలి. ఏవైపుంటే పురుగు అటునుంచి కొరకడం మొదలెట్టిందన్నమాట. లోపలివైపుంటే పురుగు ప్యాకెట్టుతోపాటే వచ్చినట్టు. ఫిర్యాదు ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్‌లో పెట్టొచ్చు, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు. 2006 ఆహార భద్రత చట్టం 54వ సెక్షన్ ప్రకారం తిండిలో బయటి పదార్థాలు కనబడితే లక్ష రూపాయల దాకా జరిమానా ఉంది. ఫీజు కట్టి సొంతంగా పరీక్ష చేయించుకునే హక్కు 40వ సెక్షన్ ఇస్తుంది, కానీ ఆ ఉద్దేశం కొనేటప్పుడే అమ్మేవాళ్లకి చెప్పాలి. పొద్దున్నే సీరియల్ కొనేవాళ్లెవరూ అలా చెప్పి కొనరు కాబట్టి, ఫుడ్ సేఫ్టీ అధికారికి ఫిర్యాదు ఇవ్వడమే అయ్యే పని. నష్టపరిహారం కావాలంటే రెండేళ్లలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లాలి. వాట్సాప్ గ్రూపులో కంపెనీ పేరు పెట్టి వీడియో తిప్పడం వీటిలో ఏదీ కాదు.

తిన్నదానికి ఏమవుతుంది

తల్లి భయానికి జవాబు సూటిగా చెప్పాను. నులిపురుగులు వేరు, పిండి పురుగులు వేరు. నులిపురుగుల గుడ్లు మలం కలిసిన మట్టి నుంచి చేతుల ద్వారా, సరిగ్గా కడగని కూరగాయల ద్వారా కడుపులోకి పోతాయి. కొంకి పురుగు లార్వాలు వట్టి కాళ్లతో నడిచినప్పుడు చర్మంలోంచే ఎక్కుతాయి. సీరియల్లో పురుగు కడుపులో బతకదు, పెరగదు, జీర్ణమైపోతుంది. ఏటా ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న బడిలో ఇచ్చే ఆల్బెండజోల్ మాత్ర పాప ఆగస్టులో వేసుకుంది, అది చాలు.

ఒక్క మినహాయింపు మాత్రం చెప్పి తీరాలి. ఎలుకల్లో ఉండే హైమెనోలెపిస్ డిమినూటా అనే బద్దెపురుగుకి పిండి పురుగు లాంటి ధాన్యపు పురుగులు మధ్య మజిలీ. ఎలుక పెంటికల్లోని గుడ్లను పురుగు తింటుంది, ఆ పురుగుని మనం తింటే బద్దెపురుగు మనలో చేరొచ్చు. ఇది అరుదు, అయినా ఆ ఇంటి అటక మీద ఎలుకలున్నాయని నాయనమ్మగారే చెప్పారు. పిల్లల డాక్టరు మలపరీక్ష రాశారు, ఏమీ లేదని వచ్చింది. ఆస్తమా ఉన్న పిల్లల విషయంలో ఇంకో జాగ్రత్త: పాతబడ్డ పిండిలో పెరిగే కంటికి ఆనని చిన్న మైట్లు కొందరికి తీవ్రమైన అలర్జీ తెస్తాయి. ఈ పాపకి ఆ సమస్య లేదు.

పురుగులకన్నా ముందున్నది

బరువు 24.5 కిలోలు, ఎత్తు 130 సెంటీమీటర్లు. వయసుకి సన్నమే కానీ కంగారు పడాల్సింది కాదు. హిమోగ్లోబిన్ 11.1. ఈ వయసులో 11.5 కన్నా తగ్గితే రక్తహీనత కింద లెక్క. అంటే సీరియల్లో పురుగులు కనబడక ముందు నుంచే ఒక లోటు ఉంది.

పాపని రోజూ పోసుకున్నట్టే గిన్నెలో సీరియల్ పోయమని, ఆ గిన్నెని నా వంటింటి కాటా మీద పెట్టాను. 62 గ్రాములు. ప్యాకెట్టు మీద ఒక వడ్డింపు 30 గ్రాములని ఉంది. ఆ 30 గ్రాములు కొలిచి వేరే గిన్నెలో పోసి చూపిస్తే "ఇంతేనా?" అంది పాప. లేబుల్ ప్రకారం 100 గ్రాముల్లో 30 గ్రాములు చక్కెర. అంటే పాప గిన్నెలో దగ్గరదగ్గర 19 గ్రాములు. పాలల్లో తల్లి వేసే రెండు చెంచాలు కలిపితే పొద్దున్న ఏడు గంటలకే 27, 28 గ్రాములైపోతోంది. బయటి నుంచి కలిసే చక్కెర మొత్తం కేలరీల్లో 10 శాతం దాటకూడదని, 5 శాతం లోపుంటే ఇంకా మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. రోజుకి 1700 కేలరీలు కావాల్సిన ఈ వయసు పిల్లకి ఆ 5 శాతం అంటే 21 గ్రాములు. ఒక్క టిఫిన్‌తోనే దాటేసింది. అట్టపెట్టె ముందువైపు "హోల్ గ్రెయిన్" అని పెద్దక్షరాల్లో ఉంటే ఉండొచ్చు, నేనైతే వెనక్కి తిప్పి పదార్థాల వరుస చూస్తాను. ఎక్కువ బరువున్నది ముందు రాయాలన్నది రూలు. మొదటి మూడింట్లో చక్కెర ఉంటే, లేదా చక్కెర, లిక్విడ్ గ్లూకోజ్, మాల్టోడెక్స్‌ట్రిన్ అని ముక్కలై తలో చోటా కనబడితే, అది పిల్లలకి రోజువారీ టిఫిన్ కాదు.

అయితే నాయనమ్మగారు ఎంత తిట్టినా, అది వట్టి చెత్త కూడా కాదు. ఆ సీరియల్లో ఇనుము, బి విటమిన్లు కలిపి ఉన్నాయి. మాంసం, ఆకుకూరలు పెద్దగా తినని ఈ పిల్లకి పొద్దున్నపూట ఇనుము కాస్తో కూస్తో అందుతున్నది దానిలోంచే. దాన్ని ఆపేసి తెల్లటి ఇడ్లీ, పంచదార పెడితే చక్కెర పెద్దగా తగ్గదు, ఇనుము మాత్రం పోతుంది. ఏది తీసేస్తున్నామో చూసుకుని దానికి బదులు పెట్టాలి.

మాటల్లో ఇంకోటి బయటపడింది. షుగర్ ఉన్న నాయనమ్మగారు రాత్రిళ్లు అన్నం మానేసి కార్న్‌ఫ్లేక్స్ తింటున్నారు, ఎవరో బంధువులు చెప్పారట. రక్తంలో చక్కెరని ఎంత వేగంగా పెంచుతుందో చెప్పే గ్లైసీమిక్ ఇండెక్స్ కార్న్‌ఫ్లేక్స్‌కి 81, తెల్ల అన్నానికి 73. అన్నం కన్నా మేలని తింటున్నది అన్నాన్ని మించిపోయిందన్నమాట. మనవరాలి డబ్బా తిండిని అంత తిట్టిన ఆవిడ ఈ మాట విని నవ్వేశారు. రాత్రికి పెసరట్టు, కూర అలవాటు చేసుకున్నారు.

రెండోసారి పురుగులు

నా దగ్గరికి వచ్చి వెళ్తున్న రోజుల్లోనే తల్లి ఆన్‌లైన్‌లో చిరుధాన్యాల మాల్ట్ పొడి, రాగి పిండి కలిపి మూడు కిలోలు తెప్పించారు. స్టీలు డబ్బాల్లో పోసి, పాత సరుకు తీసేసిన అరలోనే పెట్టారు. అర తుడిచారు గానీ కాగితం మార్చలేదు. మూడు వారాలు తిరక్కుండానే రాగి పిండిలో అవే ఇటుక రంగు పురుగులు. ఈసారి పాపే చూసింది. డబ్బు పోయిందన్న బాధకన్నా, కొంచెం కుదుటపడుతున్న పిల్ల మళ్లీ మొదటికొచ్చిందని ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకున్నారు.

ఇందులో ఆశ్చర్యపోవాల్సింది లేదు. ఫ్యాక్టరీ సీరియల్ గట్టి వేడిలో ఉడికి, బాగా ఆరి, గాలి చొరని కవర్లో వస్తుంది. చిరుధాన్యాల పిండి పొట్టు, మొలకభాగంతో సహా ఆడించినది. దానిలో నూనె ఉంటుంది, మొలకెత్తించినదైతే పిండిపదార్థం మరింత సులువుగా జీర్ణమవుతుంది. అది మన పిల్లలకి ఎంత మంచిదో పిండి పురుగుకీ అంత మంచిది. సజ్జ పిండి అయితే పురుగు పట్టేలోపే చేదెక్కుతుంది. "కెమికల్స్ లేనిది" అని గొప్పగా కొనుక్కునే ప్రతిదీ తెచ్చిన కొద్ది రోజుల్లో ఖర్చు చేసేయాల్సిందే.

అప్పుడు నేను డైట్ చార్టు పక్కన పెట్టి అర సంగతి పట్టుకున్నాను. అరలో ఉన్నవన్నీ బయటికి తీయించాను. పురుగు పట్టినవి కవర్లో మూటకట్టి అదే రోజు ఇంటి బయటికి పంపేశారు; జల్లించి వాడుకోవద్దన్నాను, గుడ్లు జల్లెడలోంచి దిగిపోతాయి. అర కాగితాలు తీసేసి, చెక్క సందుల్లో, మేకుల బెజ్జాల్లో పేరుకున్న పిండిని పాత టూత్‌బ్రష్‌తో గీరి, వ్యాక్యూమ్ క్లీనర్ అరువు తెచ్చి లాగించారు. పురుగులు నిలబడేది ఆ చెంచాడు పిండి మీదే. డబ్బాలు వేణ్ణీళ్లతో కడిగి, ఎండలో పూర్తిగా ఆరబెట్టారు. అరలో స్ప్రే కొట్టొద్దని గట్టిగా చెప్పాను.

వాడకూడనివి ఇంకా రెండున్నాయి. కొన్ని ఇళ్లలో బియ్యానికి బోరిక్ పౌడర్ పట్టిస్తారు, కడిగితే పోతుందన్న ధీమాతో. రవ్వని, పిండిని ఎవరు కడుగుతారు? ఇక ధాన్యం గోడౌన్లలో వాడే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలు. రైసుమిల్లులో తెలిసినవాళ్లుంటే ఇంటికి తెచ్చుకుని బస్తాలో పడేసేవాళ్లున్నారు. తేమ తగలగానే దాన్నుంచి వెలువడే ఫాస్ఫీన్ గ్యాస్‌కి విరుగుడు మందు లేదు. పడగ్గదిలో బియ్యం బస్తా పెట్టుకునే ఇళ్లలో మనుషుల ప్రాణాలు పోతాయి.

నాయనమ్మగారి పద్ధతుల్లో పనికొచ్చేవి చాలా ఉన్నాయి. రవ్వ తెచ్చిన రోజే దోరగా వేయించి చల్లార్చి పోసుకోవడం మంచి పని, ఆ వేడికి గుడ్లు చస్తాయి. కందిపప్పుకి ఆముదం పట్టించడమూ మంచిదే. పచ్చి వేపాకు రెమ్మలు డబ్బాలో వేయడం మాత్రం మాన్పించాను. ఎండిన ఆకైతే కొంత పనిచేస్తుందేమో గానీ, పచ్చి ఆకు తేమని మోసుకొస్తుంది. కొత్తగా వచ్చింది ఫ్రీజర్. పిండి, అటుకులు, మాల్ట్ ఏవి తెచ్చినా గాలి చొరని కవర్లో కట్టి 4 రోజులు మైనస్ 18 డిగ్రీల దగ్గర పెడితే గుడ్డుతో సహా చస్తాయి. బయటికి తీశాక వెంటనే మూట విప్పకూడదు. గది వేడికి వచ్చేదాకా ఆగకపోతే చల్లటి పిండికి గాలిలో తేమ పట్టి ఉండ కడుతుంది. తర్వాత రబ్బరు వాచరున్న మూతతో గాజు సీసాల్లోకి. వదులు మూత స్టీలు డబ్బా ఎంత ఖరీదైనదైనా పిండి పురుగుకి తలుపు తెరిచి పెట్టినట్టే.

ఏం కొన్నా రెండు వారాల్లో అయిపోయేంతే కొనాలి. ఇది చెప్పడం తేలిక, ఒప్పించడం కష్టం. ఊళ్లో ఇళ్లకి నెల సరుకు ఒకేసారి తెచ్చుకోవడం అలవాటు. చివరికి రాగులు గింజలుగానే కొని, పది రోజులకి సరిపడా ఊళ్లో పిండిమరలో ఆడించుకోవడం కుదిరింది. మొలకెత్తించిన రాగులైతే వర్షాకాలంలో నీడలో ఆరవు. సగం తడితో ఆడిస్తే పురుగుకన్నా ముందు బూజు పడుతుంది, బూజు ఇంకా ప్రమాదం. అందుకే మాల్ట్ చేసుకోవడం సంక్రాంతి తర్వాత ఎండలకి వాయిదా వేశాం.

పొద్దున్న ఏం పెట్టాం

స్కూలు బస్సు 7:15కి. అదే బస్సులో తల్లి కూడా వెళ్లాలి. తండ్రి రాత్రంతా చెరువు దగ్గర ఏరియేటర్లు చూసుకుని తెల్లారి పడుకుంటారు. పొయ్యి దగ్గర నిలబడగలిగింది నాయనమ్మ ఒక్కరే, అదీ అరగంట. ఈ లెక్కలు వేసుకోకుండా రాసిన చార్టు ఫ్రిజ్ మీద అతికించడానికే పనికొస్తుంది.

మొదట పాప భయం. ఏదీ బలవంతంగా పెట్టొద్దన్నాను. మొదటి రెండు వారాలు నలుసు కనబడని తిండి పెట్టాం: ఇడ్లీ, దిబ్బరొట్టె, తోడు పెట్టిన చద్దన్నం. రాత్రి మిగిలిన అన్నంలో గోరువెచ్చటి పాలు పోసి పెరుగు తోడేస్తే తెల్లారేసరికి పుల్లటి పెరుగన్నం తయారు. ఊరికే వదిలేసిన అన్నంలో పెరిగే బ్యాక్టీరియా కడుపు పాడు చేస్తుంది, తోడుకున్న పులుపు దాన్ని చాలావరకు ఆపుతుంది. వాతావరణం బాగా వేడిగా ఉన్న రాత్రులు తోడుకున్నాక ఫ్రిజ్‌లో పెట్టమన్నాను. పాలు ముట్టని పిల్ల పెరుగన్నం మాత్రం మారుమాట్లాడకుండా తింది. ఆదివారాలు నాయనమ్మ పనసాకు బుట్టల్లో పొట్టిక్కలు వేశారు. ఆకు బుట్టలు కుట్టేటప్పుడు పాప పక్కనే కూర్చుందని, ఆ రోజు ఎప్పుడూ లేనన్ని తిందని తల్లి చెప్పారు.

తాలింపు భయానికి ఒక చిన్న పని పెట్టాను: ఆవాలు, జీలకర్ర తెల్ల పళ్లెంలో పోసి పాపే ఏరాలి, తాలింపు పాపే వేయాలి, నాయనమ్మ పక్కనుంటారు. తను వేసిన ఆవాలు చిటపటలాడడం చూసిన పిల్ల వాటిని పురుగులనుకోవడం మానేసింది. నెల లోపే నిమ్మకాయ పిండిన అటుకుల పులిహోర తింది, ఆవాలతో సహా.

పెసరట్టు వారానికి మూడు రోజులు. రాత్రి నానేసి పొద్దున్నే రుబ్బడమే, పులియబెట్టే పని లేదు. 50 గ్రాముల పెసలు నానేస్తే 11, 12 గ్రాముల మాంసకృత్తులు, పైగా పొట్టుతో పీచు. ఇనుము ఒంటికి పట్టాలంటే పక్కన పులుపు కావాలి, అందుకే అల్లం పచ్చడితోపాటు జామకాయ ముక్క గానీ నిమ్మకాయ నీళ్లు గానీ. మిగతా రోజుల్లో అటుకులు లేదా ఇడ్లీతో గుడ్డు. రాగి జావ సాయంత్రానికి మార్చాం. రాగుల్లో 100 గ్రాములకి 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉంది, పాలు తాగని పిల్లకి అది అవసరం. పిల్లల డాక్టరు రాసిన ఇనుము మందు వేసుకున్న గంటలోనే ఇస్తే మాత్రం మందుకి అడ్డం తగులుతుంది. ఆ ఊరి ప్రభుత్వ బడిలో చదివే పాప మేనత్త కూతురు స్కూల్లో రాగి జావ తాగుతూనే ఉంది; రాష్ట్రంలో 2023 నుంచి వారానికి 3 రోజులు ఇవ్వడం మొదలుపెట్టారు. "అది తాగితే నేనూ తాగుతా" అని ఈ పిల్ల ఒప్పుకుంది. నా కౌన్సెలింగ్ కన్నా అదే ఎక్కువ పనిచేసింది.

సీరియల్‌ని ఇంట్లోంచి పూర్తిగా వెళ్లగొట్టలేదు. తల్లికి స్కూల్లో పరీక్షల డ్యూటీ పడ్డ రోజులుంటాయి, నాయనమ్మకి ఒంట్లో బాగుండని రోజులుంటాయి. అలాంటప్పటికి చక్కెర కలపని మామూలు ఓట్స్ చిన్న ప్యాకెట్టు ఒకటి, తెరిచాక ఫ్రిజ్‌లో. చక్కెరకేళి అరటిపండు కోసి వేస్తే తీపికి ఇంకేమీ అక్కర్లేదు.

ఇప్పటి పరిస్థితి

పిల్లల డాక్టరు ఇనుము సిరప్ మొదలుపెట్టారు, కాబట్టి రక్తంలో వచ్చిన మార్పు నా పెసరట్ల గొప్పేనని చెప్పుకోను. మూడు నెలలకి హిమోగ్లోబిన్ 12కి వచ్చింది, బరువు కిలో పెరిగింది. ఇంటర్వెల్ చిప్స్ వారానికి ఒకసారికి తగ్గాయి. అరలో మళ్లీ పురుగు కనబడలేదు. బియ్యం బస్తాలో మాత్రం ముక్కు పురుగులు వచ్చాయి. 26 కిలోల బస్తా బదులు ఇప్పుడు పది కిలోల సంచి తెస్తున్నారు, కిలోకి రెండు రూపాయలు ఎక్కువైనా.

పాలు ఇప్పటికీ తాగదు. పెరుగు, రాగులు, నువ్వుల చిమ్మిలితో కాల్షియం అందుతోంది కాబట్టి గ్లాసు పట్టుకుని వెంటపడొద్దని తల్లికి చెప్పాను. హిమోగ్లోబిన్ మామూలుకి వచ్చినా ఒంట్లో నిల్వలు నిండాలి కాబట్టి సిరప్ ఇంకో రెండు నెలలు వాడమన్నారు డాక్టరు. తర్వాతి రక్తపరీక్ష ఏప్రిల్‌లో.